వేళ్లకు తెలియని సంగతి

బొత్తాం కన్నంలో పడిందా లేదా అన్నది ఇప్పుడు కంటితో చూస్తేగాని తెలియడం లేదు, వేళ్లు చెప్పవు, వేళ్లకు మందపాటి గ్లౌజులు తొడిగి తీయడం ఎవరో మరిచిపోయినట్టుంది, ఏదో తగిలిందని తెలుస్తుంది గానీ తగిలిందేమిటో తెలియదు, చిత్రమేమిటంటే బొత్తానికీ గుడ్డకీ తేడా కనిపెట్టలేని ఈ వేళ్లే కుళాయి నీళ్లు చల్లగా ఉన్నాయని మాత్రం ఠక్కున చెప్పేస్తాయి, అంటే వేలిలో ఒక్కో కబురుకు ఒక్కో తీగ ఉంటుందన్నమాట, కారులో హారను తీగ వేరు, లైటు తీగ వేరు, ఒకటి కాలిపోయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది, నిన్న మత్తు డాక్టరు పరీక్షకు పిలిచినప్పుడు ఇదే అడిగాను, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, అమ్మా మీరు ఇంజనీరా అన్నాడు, కాదండీ డ్రైవింగ్ నేర్పిస్తాను అన్నాను, ఓహో అందుకా అన్నాడు, ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ ఆయనకేదో అర్థమైపోయింది, ఇంకేమైనా అడగాలా అంటే మత్తు ఇచ్చినప్పుడు మనిషి ఎక్కడికి పోతుందండీ అన్నాను, ఎక్కడికీ పోదమ్మా, అక్కడే ఉంటుంది, ఉన్నట్టు తనకు తెలియదు అంతే అన్నాడు, బాగుంది, ఇదిగో మళ్లీ జారిపోయింది, ఈ చొక్కాకి బొత్తాలు కుడివైపున ఉన్నాయి, మగవాళ్ల చొక్కా కదా, అన్నీ తిరగబడి ఉంటాయి, మా ఆయన పాత చొక్కాలివి, ఆపరేషన్ అయ్యాక చెయ్యి పైకి లేవదు, ముందు తెరుచుకునే బట్టలే తెచ్చుకోండి అని నర్సు చెప్పింది, నా బీరువాలో అలాంటివి లేవు, ఆయన బీరువాలో అవి తప్ప ఇంకేమీ లేవు, రేపు పొద్దున్న తీసుకెళ్లే సంచిలో పెట్టుకుందామని ఒక్కొక్కటీ తొడిగి చూస్తున్నాను, ఎన్ని ఉతుకులు ఉతికినా కాలరు లోపల ఇంకా పులిసిన పిండి వాసన, బేకరీ ఆయన కదా, ఈ వాసన చూసే పెళ్లి చేసుకున్నానని ఒకప్పుడు అందరితో చెప్పేదాన్ని, కీమోలో ఎర్ర మందు రెండోసారి ఎక్కించాక ఇదే వాసనకు పేగులు నోట్లోకి వచ్చాయి, మరి ఇప్పుడు, ఊఁ, ఇప్పుడు ఫరవాలేదే, కడుపులో ఏమీ కదలడం లేదు, ఎప్పటినుంచి కదలడం మానేసిందో గమనించనే లేదు, ఈ సంగతి ఆయనకు చెప్పాలి, చెప్తే ఏమంటాడు, అలాగా అంటాడు, అంతకు మించి ఒక్క మాట అనడు.

అద్దంలో మా నాన్న నిలబడి ఉన్నాడు, జుట్టు తీసేస్తే నేను మా నాన్ననని ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదు, అంతా అమ్మ పోలిక అమ్మ పోలిక అని చెవులు హోరెత్తించారు, ఆ పోలికంతా జుట్టులోనే ఉందన్నమాట, అది కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు వచ్చేశాక కింద ఈయన ఉన్నాడు, అదే నుదురు, అవే డొప్ప చెవులు, తల వెనక అదే సొట్ట, నమస్కారం నాన్నా, కులాసాగా ఉన్నావా, జుట్టు పోతుందని ఊరంతా చెప్పారు గానీ ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయని మాటవరసకైనా ఎవరూ అనలేదు, వాటికంటూ ఒక ఉద్యోగం ఉందని అవి పోయాకగాని తెలియలేదు, కాపలావాడు లేని గేటులాగ ముక్కు చెప్పాపెట్టకుండా కారుతుంది, గోళ్లు నేరేడుపళ్లు నలిపినట్టున్నాయి, గోళ్ల రంగు తీసేసి రండమ్మా అంది నర్సు, ఇది నా రంగు కాదు తల్లీ మీ మందు రంగే అంటే నాలుక కరుచుకుంది, నాలుకంటే గుర్తొచ్చింది, నోట్లో ఎప్పుడూ ఇనుప మేకు చప్పరిస్తున్నట్టే ఉంటుంది, నీళ్లదీ అదే రుచి, పాలదీ అదే రుచి, నిమ్మకాయ ఒక్కటే పాపం ఇంకా నిమ్మకాయలాగే ఉంది, స్టీలు చెంచా పక్కన పెట్టి చెక్క చెంచాతో తింటే మేకు కాస్త సన్నబడుతుందని నేనే కనిపెట్టాను, మందు ఎక్కించే గదిలో పక్క కుర్చీ ఆవిడకు చెబితే వారం తిరిగేసరికి గదిలో అందరి సంచుల్లోనూ చెక్క చెంచాలే, ఎర్ర మందు ఎక్కించిన పూట ఒంటేలు ఎర్రగా వస్తుంది, హడలిపోకండి అన్నారు, హడలడమెందుకు, నేను తలుపేసుకుని మరీ చూశాను, రేపు చంకలోని లింఫు బిళ్లల్ని కనుక్కోడానికి నీలం మందు ఎక్కిస్తారట, ఆ తరవాత పచ్చగా వస్తుందట, అత్తయ్యకు చెబితే ఛీ నోరు మూసుకో అంది, మళ్లీ వంటింట్లోంచి తల బయటకు పెట్టి, నిజంగా పచ్చగానా అంది.

చొక్కా కాస్త పక్కకు తొలగితే ఎడమవైపు, భుజం ఎముక కింద, చర్మం లోపల ఉబ్బెత్తుగా ఒక బొడిపె, అది పోర్టు, మొట్టమొదటి మందు ఎక్కించే ముందే చిన్న కోత కోసి అక్కడ పెట్టారు, చేతి నరాలు కమిలిపోకుండా మందు సూది దీంట్లోకే గుచ్చుతారు, మా ఆయన కళ్లు దీని మీద పడతాయి, పడీపడగానే కిటికీ మీదికి వెళ్లిపోతాయి, సూది అన్న మాట వింటేనే కళ్లు తిరిగే మనిషి, మొదటిసారి నాతో ఆసుపత్రికి వచ్చి వరండాలో కూర్చుని అక్కడే పడిపోతే నన్ను వదిలేసి నర్సులందరూ ఆయన చుట్టూ చేరారు, ఆ తరవాత అత్తయ్యే తోడు వచ్చేది, నేనేమైనా చెప్పబోతే రెండు చేతులూ అడ్డం పెట్టి, వద్దు, చెప్పకు, ఒళ్లు జలదరిస్తుంది అనేవాడు, సరే చెప్పడం మానేశాను, అసలు గడ్డేమో కుడివైపు, స్నానం చేస్తుంటే సబ్బు చేతికి నేనే పట్టుకున్నాను, ఎండు బఠాణీ గింజ అనుకున్నాను, డాక్టరమ్మ కొలిచి కాదు ఉసిరికాయంత ఉంది అంది, అప్పట్నుంచీ రోజూ నీళ్లు పోసుకుంటూ దాన్ని పలకరించేదాన్ని, ఉన్నావా అంటే ఉన్నాననేది, ఎర్ర మందుకు కొంచెం మెత్తబడింది, కొంచెం కుంచించుకుంది, ఆ తరవాత రెండో మందు మొదలెట్టారు, అది ఒకపక్క గింజను కరిగిస్తూ ఒకపక్క నా వేళ్లను మొద్దుబారుస్తూ పోయింది, ఒకరోజు పలకరిస్తే పలకలేదు, మరి ముందు పోయింది గింజా వేళ్లా, నేను ఒట్టు వేసి చెప్పలేను, స్కానింగులో లేదట, ఇవాళ పొద్దున డాక్టరమ్మ కూడా వెతికి వెతికి, ఎక్కడికి పోయిందమ్మా మీ దొంగ అని నవ్వింది, లోపల అది ఉన్న చోట మొదట్లోనే చిన్న లోహపు గుర్తు ఒకటి పెట్టారు, రేపు ఆ గుర్తు దాకా సన్నటి తీగ పంపించి అంతమేర కోసి తీస్తారట, పోయిందిగా ఇంకా ఎందుకండీ కొయ్యడం అంటే, కనపడనంత మాత్రాన లేనట్టు కాదమ్మా, దొంగ పోయినా ఇల్లు సోదా చెయ్యాలిగా అంది, లేదూ మొత్తం రొమ్మే తీసేయమంటారా తీసేస్తాను, కొంత తీసి రేడియేషన్ ఇచ్చినా మొత్తం తీసినా మీ విషయంలో ఆయుష్షుకు తేడా రాదు, ఏదన్నది మీరే చెప్పాలి, పోయిన వారం నుంచీ అడుగుతున్నాను, సాయంత్రం నేను ఇంటికి వెళ్లేలోపు ఫోన్ చెయ్యండి, దాన్నిబట్టే రేపటి ఏర్పాట్లు అంది, నాకు ముందు అది నిజంగా పోయిందో లేదో తెలియాలి, స్కానింగుకు తెలిసింది, డాక్టరమ్మ వేళ్లకు తెలిసింది, దాన్ని కనిపెట్టిన దాన్ని నేను, నా వేళ్లకే తెలియలేదు.

టక్, టక్, టక్, అదిగో అత్తయ్య మొదలెట్టింది, ఆపరేషనుకు ముందు ఊపిరి గట్టిపడాలని ఆసుపత్రి వాళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, పక్కపక్కనే మూడు గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక్కో బంతి, నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి, నాకు రెండు లేస్తాయి, మూడోది లేద్దామా వద్దా అని వణికి కూలబడుతుంది, ఏదీ ఇలా తే అని అత్తయ్య ఒక్క పీల్పు పీల్చిందో లేదో మూడు బంతులూ పైకప్పుకు కరుచుకుపోయాయి, ఇంతేనా దీని భాగోతం అంది, ఇదెలా అత్తయ్యా అంటే, మీ మామయ్యకు వినపడేది కాదు కదా, జన్మంతా అరిచిన ఊపిరే అమ్మాయ్ ఇది అంది, ఇప్పుడు నాకు గుర్తుచేసే నెపంతో రోజూ తనే లాగుతోంది, నేను రేపు ఆసుపత్రికి డబ్బా పట్టుకుపోతే ఈవిడకు తోచదేమో, కొంతా మొత్తమా అన్నది ఈవిడ దగ్గర కూడా ఎత్తాను, పుచ్చిన పన్ను సగం పీకి సగం ఉంచుకుంటారా ఎవరైనా అంది, ఇది పన్ను కాదు అత్తయ్యా, ఏదైతేనేం, దాంతో నీకిప్పుడు పనేముంది, మీకు ముక్కుతో పనేముంది కళ్లజోడు నిలబెట్టుకోడానికి తప్ప అన్నాను, దీని నోటికి మాత్రం ఏ మందూ పనిచెయ్యలేదు అనుకుంటూ వెళ్లిపోయింది, కానీ పన్ను మాట నన్ను వదల్లేదు, పన్ను పీకించుకున్నాక నాలుక రోజుల తరబడి ఆ గుంటలోకే వెళ్తుంది కదా, రొమ్ము తీయించుకున్నాక ఏది వెళ్తుంది ఆ చోటికి, చెయ్యా, కళ్లా, చంటిపిల్లల్ని ఎత్తుకుంటే వాళ్లకు తెలుస్తుందా, కారులో బెల్టు పెట్టుకుంటే ఎలా ఆనుతుంది, బెల్టు సంగతి డాక్టరమ్మను అడిగితే ఇంతవరకు ఎవరూ అడగలేదు చూసి చెప్తాను అంది.

నిర్ణయాలు చెయ్యడం రాని మనిషిని కాను నేను, ఎదర లారీ వస్తుంటే, వెనక బస్సు మొత్తుకుంటుంటే, స్టీరింగు పట్టుకున్నవాడు కళ్లు మూసుకుంటే, పక్క సీట్లో కూర్చుని రెప్పపాటులో తేల్చుకోవడమే నా బతుకుతెరువు, నేర్చుకునేవాళ్ల కారులో పక్క సీటు కింద నేర్పేవాళ్లకు ఇంకో బ్రేకు ఉంటుంది, అది నొక్కే కాలు నాది, దానికి ఎంత ఒత్తిడి ఎప్పుడు కావాలో నా పాదానికి తెలుసు, తెలిసేది, రెండో మందు వచ్చాక అరికాళ్లు కూడా పోయాయి, నేల మీద నడుస్తున్నా పరుపు మీద నడుస్తున్నట్టే ఉండేది, అయినా కొన్నాళ్లు లాక్కొచ్చాను, రివర్సు మాస్టారు గోడ మీదికి వెళ్లిన రోజు దాకా, రిటైరైన లెక్కల మాస్టారాయన, ముందుకు బ్రహ్మాండంగా నడుపుతాడు, వెనక్కి అనగానే కళ్లు మూసుకుంటాడు, ఆ రోజు గోడ దగ్గరికొస్తోంది, నేను బ్రేకు నొక్కాను, నొక్కాననుకున్నాను, కాలు కింద ఏమీ లేదు, కాలు పెడలు పక్కన ఉత్త నేలను తొక్కుతోంది, అది కళ్లతో చూసేదాకా నాకు తెలియదు, కారు ఆగింది, ఆపింది నేను కాదు, మేడమ్ నేనే ఆపాను చూశారా అని మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడుతుంటే శెభాష్ అని చెప్పి దిగి, ఆ సాయంత్రమే తాళాలు మా స్కూల్లో ఇంకో అమ్మాయి చేతిలో పెట్టి వచ్చేశాను, ఇప్పటికీ ఫోన్ చేస్తాడాయన, మీరొచ్చేదాకా నేను ముందుకే పోతానమ్మా, వెనక్కి పోను అంటాడు.

మా ఆయన కూడా నా దగ్గర నేర్చుకోడానికి వచ్చినవాడే, పరీక్ష తప్పి పంతులమ్మను పట్టుకుపోయాడని అత్తయ్య అందరితో అంటుంది, ఇప్పటికీ డ్రైవింగ్ రాదు, ఇప్పటికీ నన్ను మేడమ్ అనే పిలుస్తాడు, ఆ పిలుపులో ఒక ఎగతాళి ఉండేది, ఇంట్లో దేనికీ ఒక పట్టాన ఒప్పుకునేవాడు కాదు, గదికి పరదాలు ఏ రంగువి కొనాలన్న దాని మీద మేం పోట్లాడుకుంటుంటే ఎండాకాలం వెళ్లిపోయింది, పరదాలు లేకుండానే వెళ్లిపోయింది, వాసన పడడం లేదని నేనన్నాక బేకరీలోనే స్నానం చేసి వేరే చొక్కా తొడుక్కుని వస్తున్నాడు, పడక ముందుగదిలోకి మార్చుకున్నాడు, అది నేను అడిగిందే, తప్పు పట్టను, కానీ అప్పట్నుంచీ ఈ మెత్తదనమేమిటి, పాలలో నానేసిన రొట్టెలాగ, ఫ్యాను వెయ్యనా నీ ఇష్టం, కారు అమ్మేద్దామా నీ ఇష్టం, గోడలకు నల్లరంగు వేయిద్దామా అని కావాలని అడిగాను, నీ ఇష్టం మేడమ్ అన్నాడు, నిన్న కొంతా మొత్తమా అని అడిగితే కూడా అదే మాట, కిటికీలోంచి చూస్తూ, నాకు ఒళ్లు మండిపోయింది, ఆ తరవాత మంట తగ్గి ఆరా మొదలైంది, అసలు ఈయన లోపల ఏముంది, జాలా, అసహ్యమా, బట్టతలను చూడలేకపోతున్నాడా, ఈ మూడింట్లో ఏదైనా తట్టుకోగలను, కానీ ఏదన్నది తెలియకపోతే మాత్రం నేను బతకలేను.

గేటు చప్పుడు, వచ్చాడు, బేకరీ నుంచి మధ్యాహ్నపు రాక, చెప్పులు విడిచే తీరు చూస్తేనే తెలుస్తుంది, దొంగలాగ, ఇంట్లో ఎవరో పడుకున్నట్టు, తల తడిగా ఉంది, సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు, తిన్నావా అన్నాడు గుమ్మంలోంచి, తిన్నాను, ఇలా రా, ఏం కావాలి, నువ్వే కావాలి, లోపలికొచ్చి ఆ తలుపు దగ్గరికెయ్యి అన్నాను, వేశాడు, తన చొక్కా నా ఒంటి మీద చూసి ఒక్క క్షణం నవ్వబోయి ఆపుకున్నాడు, నేను మంచం మీద కూర్చుని, నాకొక సాయం చెయ్యి, ఆ గడ్డ పోయిందంటున్నారు, నా వేళ్లకు తెలియడం లేదు, నీ చెయ్యి పెట్టి వెతికి ఉందో లేదో చెప్పు అన్నాను, మొహం పాలిపోయింది, నావల్ల కాదు అన్నాడు, సూది లేదు నెత్తురు లేదు, వేళ్లతో చూడ్డమే కదా, నావల్ల కాదు మేడమ్, పిండి పొంగిందా లేదా అని వేలితో నొక్కి చెప్పే మనిషివి, పెళ్లాన్ని ముట్టుకుని ఒక ముక్క చెప్పలేవా, గొంతు నాకు తెలియకుండానే పెరిగింది, అవతల గదిలో బంతుల చప్పుడు ఠక్కున ఆగిపోయింది, అత్తయ్య వింటోంది, ఆయన వెళ్లి చేతులు మళ్లీ కడుక్కుని తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు, చెయ్యి వచ్చింది, వెచ్చగా, నెమ్మదిగా, కుడివైపు కాదు, ఎడమవైపుకు, భుజం ఎముక కిందికి, తిన్నగా పోర్టు మీదికి, గుడ్డివాడు తన ఇంటి గొళ్లెం పట్టుకున్నట్టు తడుముకోకుండా వచ్చి దాని మీద ఆగింది, ఉంది అన్నాడు, అలాగే ఉంది మేడమ్, పిసరంత కూడా తగ్గలేదు.

నాకు వెంటనే అందలేదు, ఏది ఉంది, ఏది తగ్గలేదు, ఈ మధ్య మాటలు వెనక బెంచీలోంచి లేచి రావడానికి టైము తీసుకుంటున్నాయి, అది పోర్టు కదయ్యా అన్నాను, పోర్టంటే, మందు ఎక్కించడానికి వాళ్లు పెట్టింది, లోపల చిన్న బిళ్ల, తగ్గడానికి అదేమైనా గడ్డా, ఆయన కళ్లు తెరిచాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు, ఇది జబ్బు కాదా అన్నాడు, కాదు, జబ్బు ఇటు, ఎటు, కుడివైపు, కుడివైపు అని మళ్లీ అన్నాడు, ఏదో కొత్త దేశం పేరు పలుకుతున్నట్టు, నాకు ముందు నవ్వొచ్చింది, పకపకా వచ్చింది, ఆయన మొహం చూసి సగంలోనే ఆపేశాను, నువ్వు మొదటి మందు ఎక్కించుకుని ఇంటికొచ్చిన రోజు కనబడింది నాకు అన్నాడు, అప్పటికి లేదు, ఆ రోజే పుట్టుకొచ్చింది, ఇక్కడిదాకా పాకిందనుకున్నాను, రోజూ చూసేవాణ్ని, నువ్వు పడుకున్నప్పుడు గుమ్మంలోంచి చూసేవాణ్ని, ఇవాళైనా చిన్నదవుతుందేమోనని, అవ్వలేదు, నువ్వేమో తగ్గుతోంది కరుగుతోంది అని అమ్మతో చెప్పుకుంటూ నవ్వేదానివి, డాక్టర్లు నీకు అబద్ధం చెబుతున్నారనుకున్నాను, నిజం నాకొక్కడికే తెలుసనుకున్నాను, ఎలా చెప్పను నీకు, అన్నాడు, అని తువ్వాలు కూడా లేకుండా చొక్కా చేతితో, నా ఒంటి మీదున్న తన చొక్కా చేతితోనే, మొహం తుడుచుకున్నాడు.

ఇన్ని నెలలు, నేను నా ముక్కు వెంట్రుకల గురించి ఆలోచిస్తున్నంత కాలమూ ఈ మనిషి తెల్లారకముందే లేచి, ఈ బొడిపెను గుండెల్లో పెట్టుకుని పొయ్యి ముందు నిలబడి, ఊరికంతా రొట్టెలు కాల్చి, మళ్లీ ఇంటికొచ్చి చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, తిన్నావా అని అడిగాడు, గోడలకు నల్లరంగు వేయిద్దామంటే నీ ఇష్టమన్నాడంటే మరి, పోయేవాళ్లు ఏది అడిగినా కాదనకూడదంటారు కదా, పరదాల కోసం ఎండాకాలమంతా కొట్లాడినవాడు నాకు అన్నీ ఇచ్చేస్తున్నాడు, నేను దాన్ని అసహ్యమేమోనని కొలతలు వేస్తున్నాను, ఇటివ్వు చెయ్యి అని పట్టుకుని కుడివైపుకు తీసుకెళ్లి, ఇక్కడ, ఇదీ చోటు, ఇప్పుడు చూడు అన్నాను, ఈసారి కళ్లు మూసుకోలేదు, పనిలో ఉన్నప్పటి మొహం పెట్టాడు, పెదవి లోపలికి మడిచి, వేళ్లు బల్లపరుపుగా ఆనించి, కొంచెం కొంచెంగా జరుపుతూ, నొక్కుతూ, వదులుతూ, లేదు అన్నాడు, మళ్లీ చూడు, లోపలి అంచున, చూశాను, లేదు మేడమ్, మెత్తగా ఉంది, అంతటా ఒకేలా ఉంది, నా వేళ్లకు తెలియని సంగతి ఆయన వేళ్లలోంచి నాకు ఎక్కింది, పోయింది, నిజంగానే పోయింది, అంత దగ్గరగా తెలిసినది కదా, వెళ్తున్నానని ఒక మాట కూడా చెప్పకుండా వెళ్లిందే అని లోపల ఎక్కడో చిన్న చిన్నబుచ్చుకోవడం, అది చూసి నాకే ఆశ్చర్యం, తరవాత పొట్ట కింద నుంచి ఒక పెద్ద ఊపిరి లేచి వచ్చింది, ఆ డబ్బా నోట్లో ఉంటే మూడో బంతి లేచేది.

అక్కణ్నుంచి మొదలైంది ఈయన ప్రశ్నల వర్షం, పోర్టులో ఏముంటుంది, రబ్బరా ఇనుమా, ఎప్పుడు తీస్తారు, పడుకుంటే ఒత్తుకోదా, ఎర్ర మందని అమ్మ అంటుంటే విన్నాను, నిజంగా ఎర్రగా ఉంటుందా, నీ వేళ్లు మళ్లీ వస్తాయా, వస్తాయట మెల్లగా, కొందరికి ఏడాది పడుతుందట, కొందరికి పూర్తిగా రావట, రేపు ఎంతసేపు కోస్తారు, నేనెక్కడ ఉండాలి, లోపలికి రానిస్తారా, వద్దులే నువ్వు పడిపోతావు, పడిపోతే పడిపోతాను అన్నాడు, చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది, ఇంతలో కిటికీ మీద ఎండ పసుపు రంగుకు దిగింది, అయ్యో డాక్టరమ్మ వెళ్లిపోతుంది, ఫోన్ ఇటివ్వు, గుర్తు పెట్టిన చోటు మేరకే తీయమని చెప్పేస్తాను అన్నాను, అన్నాక తెలిసింది, ఎప్పుడో తేలిపోయిందది లోపల, గింజ పోయిందని నా అనేవాళ్ల వేళ్లు చెప్పాక దాని ఇల్లంతా పడగొట్టడమెందుకు అనిపించింది, అదేంటి అన్నాడాయన, ఏమైంది అన్నాను, మొత్తం తీయించెయ్ అన్నాడు, నేను బిత్తరపోయాను, నిన్నే కదా నీ ఇష్టమన్నావు, నిన్న వేరు, నిన్న నేను, అని ఆగిపోయి, ఇవాళ వేరు అన్నాడు, కొంచెం ఎందుకు ఉంచడం, మళ్లీ వస్తేనో, తేడా లేదని డాక్టరమ్మ చెప్పింది, రేడియేషన్ ఇస్తారు, ఆవిడకేం, ఆవిడ చెప్పి ఇంటికిపోతుంది, గుమ్మంలో కాపలా కాసేది నేను, కాసుకో, ఒళ్లు నాది, ఒళ్లు నీదే, ఎవరు కాదన్నారు, అయినా నాకిష్టం లేదు, తలుపు దానంతటదే తెరుచుకుంది, నేనూ అదే చెప్పాను నాయనా, పన్ను అంది అత్తయ్య, నువ్వుండమ్మా మధ్యలో, పన్నేంటి అని తల్లి మీద విరుచుకుపడ్డాడు, నేను ఫోను మీద అంకెలు నొక్కుతుంటే ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది, గాజు మీద నా వేళ్లు మరీ పనికిరావు, ఇలా తే, నొక్కడం కూడా రాదు, మాటలకేం తక్కువ లేదు అని ఫోన్ లాక్కుని తనే నంబరు కొట్టి, మోగుతుండగా నా చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాడు, చెప్పు, నీ మాటే నెగ్గించుకో, వచ్చే ఏడు ఈ పాటికి నువ్వే నా మీద పడి అరుస్తావు, అప్పుడే గట్టిగా ఎందుకు చెప్పలేదు అని, అరవకపోతే నా పేరు మార్చుకుంటా అన్నాడు.

హలో, చెప్పండమ్మా అంటోంది డాక్టరమ్మ, చెప్పాను, గుర్తు పెట్టినంత మేరకే తీయండి, ఆలోచించుకున్నారా, ఆలోచించుకున్నానండీ, సరే, పొద్దున పరగడుపున వచ్చెయ్యండి అని ఆవిడ పెట్టేసింది, మా ఆయన ఫోను మంచం మీద పడేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, అలిగాడు, భుజాలు చూస్తేనే తెలుస్తోంది, పరదాల రోజుల నాటి అలకే, ఇప్పట్లో దిగేది కాదు, అత్తయ్య నన్ను చూసి కళ్లెగరేసింది, నేను ఆయన అన్న ఒక మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను, వచ్చే ఏడు అన్నాడు, అన్నట్టు తనకు తెలియదు, నోరు జారి వచ్చింది, ఈ ఇంట్లో ఇన్ని నెలలుగా రేపు అన్నాం, వచ్చే వారం అన్నాం, తరవాతి మందు అన్నాం, ఆ పైకి ఎవరూ ఒక్క మాట కూడా దాటలేదు, ఈయన ఇప్పుడు దాటేసి అవతల నిలబడ్డాడు, అక్కడ ఒక సాయంత్రం ఉంది, ఒక గది ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ని కడిగిపారేస్తున్న ఒక ఆడమనిషి ఉంది, అది నేను, ఆయన అలిగింది పోయే మనిషి మీద కాదు, రేపటి తరవాత కూడా తన నెత్తినెక్కి కూర్చోబోయే మనిషి మీద.